గది వేడి చెప్పకుండా కంప్యూటర్ వేడి చెబితే ఎలా?

సంపాదకుల వారికి నమస్కారం.

గత ఆదివారం మీ పత్రికలో వేసవి జాగ్రత్తలని ఒక పేజీ వేశారు. ఫ్రిజ్‌ని గోడకి ఆనించొద్దు, పాత ఫ్యాన్ల రెక్కలు తుడవండి, అన్నీ బాగానే ఉన్నాయి గానీ చివర్లో కంప్యూటర్ ప్రాసెసర్ (లెక్కలన్నీ చేసే చిప్పు) 50 డిగ్రీలు దాటితే ప్రమాదమని, వెంటనే ఆపేసి మెకానిక్‌కి చూపించాలని ఒక్క ముక్క రాసి వదిలేశారు చూడండి, ఈ ఉత్తరం దాని గురించే. ఆ లెక్కన మే నెలలో చెన్నైలో ఏసీ లేని ఇంట్లో కంప్యూటర్ ఆన్ చేయడమే నేరం.

నేను పెరంబూరులో ఇంట్లోనే తెలుగు డీటీపీ చేసుకుంటాను. శుభలేఖలు, గృహప్రవేశాల కార్డులు, అప్పుడప్పుడూ ఏదైనా సంఘం సావనీరు. మాది పై వాటా, నెత్తి మీద డాబా తప్ప ఇంకేమీ లేదు. కర్తరి రోజుల్లో (ఇక్కడివాళ్లు కత్తిరి అంటారు, ఎండ మాత్రం ఒకటే) మధ్యాహ్నం నా గదిలో గోడ థర్మామీటర్ 36 చూపిస్తుంది. ప్రాసెసర్ మీద కూర్చునే ఆ రేకుల దిమ్మ, దాని మీది ఫ్యాను (రెండూ కలిపి కూలర్ అంటారు) చేసే పనల్లా లోపలి వేడిని తీసి గది గాలికి అప్పగించడమే. గాలే 36లో ఉంటే ప్రాసెసర్ అంతకన్నా చల్లగా ఉండే మార్గం లేదు. ఖాళీగా ఉన్నప్పుడు గది కన్నా పదీ పదిహేను డిగ్రీలు ఎక్కువ ఉండటం మామూలు, అంటే 46 నుంచి 51. మీరు ప్రమాదం అన్న అంకె అదే కదా సార్, అది మా ఇంట్లో కంప్యూటర్ ఏ పనీ చేయకుండా గోళ్లు గిల్లుకుంటున్నప్పటి వేడి.

ఈ 50, 60 భయం ఊరికే పుట్టలేదు లెండి. ఇంటెల్ వాళ్ల పాత కోర్ 2 డ్యుయో ప్రాసెసర్ల కాలంలో కంపెనీ ఇచ్చిన పరిమితులు చాలావాటికి 60, 70 డిగ్రీల దగ్గరే ఉండేవి, అదీ చిప్పు లోపల కాదు, పైన ఉండే లోహపు మూత నడిమధ్య కొలిచిన వేడికి. ఇప్పుడు మనం తెర మీద చూసే అంకె చిప్పు లోపలే ఉన్న సెన్సర్ చెప్పేది, సహజంగానే ఎక్కువ ఉంటుంది. ఈ మధ్యకాలపు ఇంటెల్ డెస్క్‌టాప్ ప్రాసెసర్లలో చాలావాటికి హద్దు 100. ఇంకో ప్రాసెసర్ల కంపెనీ ఏఎండీ 2022లో తెచ్చిన రైజెన్ 7000 రకాలైతే గట్టి పని పడితే 95 దాకా వెళ్లేలాగే చేశామని ఆ కంపెనీ వాళ్లే చెప్పారు. హద్దు తగిలితే చిప్పు కాలిపోదు, తన వేగం తానే తగ్గించుకుంటుంది. అప్పటికీ చల్లబడకపోతే కంప్యూటర్ టక్కున ఆగిపోతుంది. మనకి జ్వరం 102 అంటే కంగారు, అది ఫారన్‌హీట్, అదే కంగారుతో ఈ సెల్సియస్ అంకెల్ని చూస్తాం.

ఇంకో విషయం చాలామందిని భయపెడుతుంది. బ్రౌజర్ తెరవగానే 45 నుంచి 65కి ఎగిరి, రెండు క్షణాల్లో మళ్లీ దిగిపోతుంది. చిప్పు గోరంత, దాంట్లో 65 వాట్లు. పాత 60 వాట్ల బల్బుని వెలుగుతుండగా ముట్టుకున్నవాళ్లకి ఆ వేడేమిటో నేను చెప్పక్కర్లేదు. అంత చిన్న జాగాలో అంత వేడి పుడితే అది రేకుల్లోకి పాకేలోపు అంకె ఎగరక ఏం చేస్తుంది?

అలాగని ఏ అంకె చూసినా నిశ్చింతగా ఉండమనడం లేదు, నేనే దెబ్బ తిన్నాను. కిందటేడు మే నెలలో సావనీరు పీడీఎఫ్ చేస్తుంటే మధ్యలో కంప్యూటర్ నత్తలా తయారైంది. ప్రాసెసర్ వేడి చూపించే కోర్ టెంప్ అనే సాఫ్ట్‌వేర్ పెట్టి చూస్తే 98. మాది 65 వాట్ల సాదా ప్రాసెసర్, అదే పనికి అంతకుముందు 75 దాటేది కాదు. ప్రెస్సుకి ఇవ్వాల్సిన తేదీ దగ్గరపడింది, టెన్షన్. షాపాయన్ని పిలిస్తే నీళ్లు తిప్పి చల్లబరిచే లిక్విడ్ కూలర్ వేయించుకోమన్నాడు. ఆ నీళ్లు కూడా చివరికి ఇదే గదిలోని 36 డిగ్రీల గాలికే వేడిని వదలాలి కదా అని అడగాలని అప్పుడు తట్టలేదు. ఇక్కడి ఎలక్ట్రానిక్స్ బజారు రిచీ స్ట్రీట్‌కి వెళ్లి ధర కనుక్కుని, గుండె పట్టుకుని తిరిగొచ్చాను.

మా మేనల్లుడు వచ్చి ప్లగ్గు పీకి, కంప్యూటర్ పెట్టె పక్క రేకు విప్పి, "మామయ్యా, ఇది కూలర్ కాదు, కంబళి" అన్నాడు. కంప్యూటర్ బల్ల పూజ అల్మరా పక్కనే, అగరుబత్తుల పొగ, వంటింటి తాలింపు జిడ్డు, వాటికి పట్టుకున్న దుమ్ము, అన్నీ కలిసి రేకుల మధ్య సందే లేకుండా చేశాయి. బ్రష్‌తో, చిన్న బ్లోయర్‌తో శుభ్రం చేశాం (ఊదేటప్పుడు ఫ్యాను రెక్కని వేలితో ఆపి పట్టుకోవాలి, వదిలేస్తే అది పిచ్చిగా తిరిగి పాడవుతుంది). అసలు దొంగ తర్వాత దొరికాడు. కూలర్‌ని బోర్డుకి బిగించే నాలుగు ప్లాస్టిక్ పిన్నుల్లో ఒకటి పైకి లేచి ఉంది, ఇల్లు మారినప్పుడు ఆటోలో తెచ్చిన కుదుపులకి అయ్యుంటుంది, తప్పు నాదే. ఒక మూల లేస్తే దిమ్మ చిప్పుకి సరిగా ఆనదు, మధ్యలో వెంట్రుకవాసి గాలి ఉన్నా చాలు, వేడి అక్కడే ఆగిపోతుంది. చిప్పుకీ దిమ్మకీ మధ్య సందు లేకుండా పూసే పేస్టు ఎండి పెచ్చులైతే దాన్ని గీరి తుడిచి, కొత్తది బఠాణీ గింజంత పెట్టి, ఎదురెదురు మూలల పిన్నులు జతగా టక్కుమనేదాకా నొక్కాం. అదే ఫైలు, అదే గది, 82.

82 కూడా ఎక్కువే అనిపించింది. అప్పుడు వాడు బల్ల చూపించాడు. మన ఇళ్లలో చాలాచోట్ల ఉండేదే, కింద సీపీయూ పెట్టుకోవడానికి అర, దానికి ఒక తలుపు. (ఆ పెట్టె మొత్తాన్నీ సీపీయూ అనడం మనకి అలవాటైపోయింది, అసలు సీపీయూ లోపలున్న గోరంత చిప్పే.) దుమ్ము పడకూడదని మేం ఆ తలుపు మూసే ఉంచేవాళ్లం. ఇంకేముంది, వెనక నుంచి వదిలిన వేడి గాలినే ముందు నుంచి మళ్లీ పీల్చుకుంటోంది. తలుపు ఊడదీసి, వెనక జానెడు ఖాళీ వదిలితే పైసా ఖర్చు లేకుండా ఇంకో ఎనిమిది డిగ్రీలు దిగింది.

ఉక్కపోత మాట కూడా ఒకటి చెప్పాలి. మా ఆవిడ అడిగింది, మనమే ఇలా అయిపోతుంటే కంప్యూటర్ ఏమైపోతుందోనని. చెమట ఆరకపోవడం వల్ల మనకి ఉక్క, కంప్యూటర్‌కి చెమట పట్టదు కాబట్టి ఆ బాధ లేదు. దానికి గాలి ఎంత వేడిగా ఉందన్నదే లెక్క. సాయంత్రం సముద్రపు గాలి తిరిగి గది మూడు డిగ్రీలు తగ్గిందంటే తెర మీది అంకె కూడా దాదాపు అంతే తగ్గుతుంది, నేను చూస్తూనే ఉంటాను. ల్యాప్‌టాప్‌ల లెక్క వేరు, అవి పని పడితే 90 దాకా పోతాయి, పరుపు మీద మాత్రం పెట్టకండి.

కాబట్టి సార్, సవరణ వేయదలిస్తే మూడు మాటలు వేయండి. గది వేడి ఎంతో చూసుకోవాలి, తన ప్రాసెసర్ హద్దు ఎంతో కంపెనీ సైటులో చూసుకోవాలి, నిరుడు ఇదే పనికి ఎంత ఉండేదో గుర్తుంచుకోవాలి. మామూలు పనికే డెస్క్‌టాప్ 90 మీద కూర్చుని దిగకపోతే అప్పుడు పక్క రేకు విప్పండి.

ఈ ఉత్తరం టైపు చేస్తున్నప్పుడు గది 35, ప్రాసెసర్ 47. ఊడదీసిన బల్ల తలుపుని మా అమ్మ డాబా మీదికి పట్టుకెళ్లి, పాత చీర పరిచి, గుమ్మడి వడియాలు పెట్టేసింది. ఇక దాన్ని తిరిగి బిగించే ప్రసక్తి లేదు.

ఇట్లు,
మీ పాఠకుడు,
పెరంబూరు, చెన్నై.