పేరు చెప్పని పెద్దాయనకు కృతజ్ఞతలు

కర్నూలులో నంద్యాల రోడ్డు పక్కన అమ్మకానికి పెట్టిన పాత క్యారవాన్ మేం చూస్తుంటే, అడగకుండానే వచ్చి సాయం చేసిన పెద్దాయనా, మీకు నమస్కారం. అమ్మానాన్నలను అందులో అహోబిలం, శ్రీశైలం తిప్పాలని మా ఆశ. బండి రంగేమో మిలమిలలాడుతోంది.

మీరు చెప్పులు విడిచి లోపలికి వెళ్లి, మడమల మీద బరువు మోపుతూ అంగుళం అంగుళం నడిచారు. తలుపు దగ్గర గట్టిగానే ఉంది. సింకు ముందు మాత్రం నేల మెత్తగా దిగి కిర్రుమంది. నీరు చేరి ప్లైవుడ్ పొరలు విడిపోతే ఇలాగే అవుతుందన్నారు. కింది అర తెరిచి వాసన చూడమన్నారు, ముక్కిన బియ్యం డబ్బా మూత తీసినట్టే ఉంది! ఆపైన మీ కలప అడితి నుంచి తేమ మీటరు తెప్పించి కిటికీ మూలలో గుచ్చితే 28 శాతం చూపించింది. 15 లోపుంటే నిశ్చింత, 20 దాటితే అనుమానించాలట. కర్నూలు ఎండల్లో చెమ్మ ఎక్కడిదని అమ్మే ఆయన నవ్వారు. పైకప్పు అతుకుల్లోంచి దిగిన వాన నీరు గోడ పొరల మధ్య చిక్కుకుంటే ఎంత ఎండకైనా త్వరగా ఆరదని మీరనేసరికి ఆ నవ్వు ఆగింది.

టీ అయినా తాగకుండా వెళ్లిపోయారు. ఆ బేరం వదులుకున్నాం. ఇప్పుడు మరో బండి చూస్తున్నాం. మీరు చెప్పినట్టు పైకప్పు మీద నీళ్లు పోసి, లోపలి మూలలు తడిమి చూశాకే అడ్వాన్సు ఇస్తాం.