పది రోజుల గోలీలు: ఆరోగ్య శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

తెలంగాణ ఆరోగ్య శాఖ మంత్రి గారికి,

నమస్కారం. ఇరవై ఏళ్లకు పైగా ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో మందుల కిటికీ వెనక కూర్చున్న ఫార్మసిస్టును నేను. రిటైరయ్యాను కాబట్టి ఇప్పుడు తీరిక ఉంది, మెమో వస్తుందన్న భయమూ లేదు.

2020 ఏప్రిల్. లాక్‌డౌన్‌తో బస్సులు బంద్. ఒక పెద్దాయన తొమ్మిది కిలోమీటర్లు నడిచి షుగరు గోలీల కోసం మా దవాఖానకు వచ్చాడు. పది రోజులకు సరిపడా ఇచ్చాను. ఆయన అక్కడే నిలబడి లెక్కపెట్టుకున్నాడు. "పది దినాలకేనా బిడ్డా? మళ్ల ఇంత దూరం ఎట్ల రావాలె?" అన్నాడు. అల్మారాలో గోలీలు లేక కాదు సార్, ఆయన ఒక్కడికే మూడు నెలలవి ఇచ్చేస్తే వెనక ఉన్నవాళ్లకు ఏమివ్వాలన్న టెన్షన్‌తో ఆ పని చేశాను. ఆయన మళ్లీ రాలేదు. ఏమయ్యాడో కనుక్కోలేదు, ఆ తప్పు నాదే.

బీపీ, షుగరు ఉన్నవాళ్లకు మూడు నెలల దాకా మందులు ఒకేసారి ఇవ్వాలని కేంద్ర ఆరోగ్య శాఖ ఆ ఏప్రిల్‌లోనే చెప్పింది. మంచి మాటే. మాకు కాగితం వచ్చింది గానీ దానికి తగ్గ గోలీలు రాలేదు. ఎందుకో మీకు తెలియాలి. మేం ఇండెంట్ (కావాల్సిన మందుల కోసం పైకి పంపే జాబితా) పెట్టేది పోయిన మూడు నెలల్లో ఎంత ఖర్చయిందో చూసి. లాక్‌డౌన్‌లో జనం రాలేదు, ఓపీ పడిపోయింది, గోలీలు మిగిలాయి. కంప్యూటర్ ఏమనుకుంటుంది? ఇక్కడ షుగరు తగ్గిందనుకుంటుంది! తర్వాతి ఇండెంట్ దాన్ని చూసే తయారైంది. రాకపోకలు మొదలై జనమంతా ఒక్కసారిగా కిటికీ ముందుకొచ్చేసరికి మా దగ్గర షుగరు గోలీ మెట్‌ఫార్మిన్ అయిపోయింది.

రాని రోగులు లెక్కలో కనపడరు. టీబీనే చూడండి. దేశంలో 2019లో దాదాపు 24 లక్షల కేసులు నమోదైతే 2020లో అవి 18 లక్షలకు పడిపోయాయి. రోగం ఏమీ సెలవు పెట్టలేదు. దగ్గుతున్నవాళ్లు కరోనా అంటారేమోనని భయపడి ఇంట్లోనే ఉండిపోయారు. వచ్చిన కొద్దిమందికైనా పరీక్ష చేద్దామంటే, మా ల్యాబ్ టెక్నీషియన్ పొద్దస్తమానం ముక్కులో పుల్లలు పెట్టే పనిలోనే ఉండేవాడు.

2021 నాటికి మేమే కొంత నేర్చుకున్నాం. జ్వరం ఓపీని గేటు పక్కన టెంటు కిందికి మార్చాం. గర్భిణులకు, బుధ, శనివారాల్లో టీకాలకొచ్చే పిల్లలకు వెనక తలుపు తెరిచాం. ఇవన్నీ చిన్న పనులే. అసలు దారి చూపించింది మాత్రం మా ఆశ కార్యకర్త. ఆ మే నెలలో ఇంటింటికీ జ్వరం సర్వే మొదలైంది కదా, ఆమె ఒకరోజు నా దగ్గరకు వచ్చి, "ఎట్లాగూ ప్రతి గడపా ఎక్కుతున్న మేడమ్, బీపీ గోలీలు కూడా ఇయ్యండి, ఇచ్చొస్త" అంది. ఎవరు ఏ గోలీ వేసుకుంటారో ఆమె నోట్‌బుక్‌లో ఉంది. కవర్ల మీద పేర్లు రాసి ఇచ్చాను. రాత్రి ఏడు దాటాక ఖాళీ సంచితో తిరిగొచ్చింది.

దానికి ఆమెకు ఒక్క రూపాయి రాలేదు. కరోనా పనికి నెలకు 1000 రూపాయలు అదనం అన్నారు, గోలీల పంపిణీ అందులో లేదు. 2022 మేలో ప్రపంచ ఆరోగ్య సంస్థ మన ఆశలకు అవార్డు ఇచ్చిందని నేనే ఫోన్ చేసి చెప్పాను. ఆమె నవ్వి, "అయితే స్కూటీకి పెట్రోలు పోస్తరా మేడమ్?" అంది.

సార్, కొత్త భవనాలు అడగడానికి ఈ ఉత్తరం రాయలేదు. ఇంకో మహమ్మారి ఎప్పుడొస్తుందో ఎవరూ చెప్పలేరు గనుక, మూడు పనులు ఇప్పుడే జీవోగా రాసిపెట్టండి. బీపీ, షుగరు, ఫిట్స్, టీబీ గోలీల ఇండెంట్ పోయిన మూడు నెలల ఖర్చును బట్టి కాకుండా, రిజిస్టర్‌లో ఉన్న పేషెంట్ల సంఖ్యను బట్టి ఉండాలి. దాని మీద మూడు నెలల నిల్వ విడిగా ఉంచాలి, దాన్ని వాడే అధికారం పీహెచ్‌సీ డాక్టర్‌కే ఇవ్వాలి, జిల్లా నుంచి ఫోన్ వచ్చేదాకా ఆగేలా ఉండకూడదు. మా స్టాఫ్ నర్సులను కోవిడ్ వార్డులకు డిప్యుటేషన్ మీద తీసుకెళ్లినట్టు మళ్లీ తీసుకెళితే, ఆ కుర్చీలో ఎవరు కూర్చుంటారో అదే ఆర్డరులో రాయాలి.

ఆశలు ఇంటికి చేర్చే ప్రతి కవరుకు ఎంత ఇస్తారన్నది కూడా ఆ జీవోలోనే ఉండాలి. ఆ లెక్క వేయడానికి మనిషి కావాలంటే పిలవండి, ఒక్క పూటలో వేసిస్తాను.

ఇట్లు,
ఒక రిటైర్డ్ ఫార్మసిస్టు