రాఫ్టింగ్‌కి ఈతొక్కటే చాలదు

సంపాదకులకు,

మీ ఆదివారం పేజీలో రిషికేశ్ రాఫ్టింగ్ ఫొటోలు చూసి మా గుణుపురం కుర్రాళ్లు బ్యాగులు సర్దేస్తున్నారు. వంశధారలో ఈదినవాళ్లం, మాకేం టెన్షన్ అంటున్నారు. నేను వెళ్లొచ్చాను కాబట్టి నాలుగు ముక్కలు రాస్తున్నా.

నదిలో నీళ్లు రాళ్ల మధ్య ఉరకలేసే చోట్లను రాపిడ్లంటారు. ఉధృతి పెరిగేకొద్దీ వాటికి 1 నుంచి 6 దాకా గ్రేడ్లుంటాయి. కొత్తవాళ్లు 3 దాటొద్దు. కూర్చునేది పడవ లోపల కాదు, గాలి నింపిన అంచు మీద. తెడ్డు పైపిడి మీద చెయ్యి తీయకూడదు, తీస్తే అది పక్కవాడి పళ్లు రాలగొడుతుంది. గైడ్ 'ఫార్వర్డ్' అనగానే అందరూ కలిసి వేయాలి.

నీళ్లలో పడితే మాత్రం నిలబడాలని చూడొద్దు. రాళ్ల సందున పాదం ఇరుక్కుందా, వెనక నుంచి వచ్చే ప్రవాహం మనిషిని వంచి ముంచేస్తుంది. వెల్లకిలా తేలుతూ, కాళ్లు ప్రవాహం వెళ్లే వైపు చాచి, కాలివేళ్లు పైకి కనబడేలా ఉంచాలి. ఫొటోల కోసం లైఫ్ జాకెట్ బెల్టులు వదులు చేసేవాళ్లూ ఉన్నారు (ఏం సరదానో!). భుజాల దగ్గర పట్టి లాగితే జాకెట్ చెవుల దాకా లేచిందంటే బిగించాల్సిందే.

వానాకాలంలో రిషికేశ్‌లో రాఫ్టింగ్ ఆపేస్తారు. మహారాష్ట్ర కోలాడ్‌లో కుండలిక నది మీదైతే, ఎగువ డ్యామ్ నుంచి నీళ్లు వదిలే వేళను బట్టి పడవలు దించుతారు. ఇవి కూడా ఫొటోల పక్కన వేయండి.

- ఒక పాఠకుడు, గుణుపురం, రాయగడ జిల్లా