తాతయ్య పుస్తకం దొరికింది: లైబ్రరీ వారికి కృతజ్ఞతలు

మా తాతయ్య 1964లో ఒక పుస్తకం రాశారు. చిన్నదే, 96 పేజీలు. నాగాయలంక దగ్గర ఎలిమెంటరీ స్కూల్ టీచరుగా పనిచేస్తూ, ఆ చుట్టుపక్కల రైతులూ కూలీలూ వరి సాగులో వాడే మాటలన్నీ ఏళ్ల తరబడి నోట్‌బుక్కుల్లో రాసుకున్నారు. ఏ కార్తెలో ఏ పని మొదలుపెడతారు, ఆ పనిని ఏమంటారు, నారు పోసే ఆకుమడి దగ్గర నుంచి ధాన్యం దాచే పురి కట్టేదాకా ఏ వస్తువుకు ఏ పేరు అన్నీ వరసగా పెట్టి, జీతంలోంచి దాచిన డబ్బుతో విజయవాడలో 500 కాపీలు అచ్చు వేయించారు. కొన్ని అమ్ముడుపోయాయి, కొన్ని పంచిపెట్టారు, మిగిలినవి ఇంట్లో చెక్కబీరువాలో ఉండేవి.

1977 నవంబర్ 19న దివిసీమ ఉప్పెన వచ్చింది. ఆ రోజు సంగతి కృష్ణా జిల్లా వాళ్లకు నేను చెప్పక్కర్లేదు. వేల మంది పోయారు. మా వాళ్లు స్కూల్ బిల్డింగ్ మీదకెక్కి ప్రాణాలు దక్కించుకున్నారు. ఇల్లు పోయింది, బీరువా పోయింది, నోట్‌బుక్కులు పోయాయి. తాతయ్య ఆ తర్వాత 14 ఏళ్లు బతికారు కానీ మళ్లీ ఏమీ రాయలేదు. 'మనుషులే పోయారు, పుస్తకం ఎంత' అనేవారట. 1991లో ఆయన పోయేనాటికి ఇంట్లో ఒక్క కాపీ కూడా లేదు. నేను అప్పటికి పుట్టలేదు. తాతయ్య నాకు ఒక ఫోటో, ఒక పుస్తకం పేరు, అంతే.

నాన్న, అత్త ఆ పుస్తకం కోసం తిరగని చోటు లేదు. పాత పుస్తకాల షాపులు, మా వైపు గ్రంథాలయాలు, తాతయ్యతో పనిచేసిన టీచర్ల ఇళ్లు. ఒకచోట రిజిస్టర్‌లో పేరుంది, అల్మరాలో పుస్తకం లేదు. ఆ రోజు నాన్న ఇంటికొచ్చి అన్నం తినకుండా పడుకున్నారని అమ్మ చెబుతుంది.

నేను ఒహాయోలో ఎంఎస్ చదువుతున్నాను. నా సబ్జెక్టుకూ తెలుగుకూ సంబంధం లేదు. మా యూనివర్సిటీ లైబ్రరీకి రోజూ వెళ్తాను, ఎక్కువగా అసైన్‌మెంట్లు చేసుకోవడానికే. మొన్న జనవరిలో ఒక సాయంత్రం కౌంటర్ దగ్గర పుస్తకం రెన్యూ చేయించుకుంటూ, అక్కడున్న ఆవిడని ఊరికే అడిగాను: 'ఇండియాలో అచ్చయిన పాత పుస్తకాలు ఇక్కడ ఎక్కడైనా ఉంటాయా?' ఆవిడ నవ్వి వదిలేయలేదు. కాగితం నా ముందుకు జరిపి, పుస్తకం పేరు, రచయిత పేరు, సంవత్సరం రాయమన్నారు. పేరు తెలుగు లిపిలోనే రాయమని ప్రత్యేకంగా అడిగారు. మర్నాడు ఆ కాగితం ఇంటర్ లైబ్రరీ లోన్ విభాగానికి, అంటే వేరే లైబ్రరీల నుంచి పుస్తకాలు తెప్పించే చోటికి, వెళ్లింది.

అక్కడ పనిచేసే పెద్దాయన గురించి ఎంత చెప్పినా తక్కువే. ఆయనకు తెలుగు ఒక్క ముక్క రాదు. ముందు ఒహాయోలింక్‌లో వెతికారు. ఈ రాష్ట్రంలోని కాలేజీలు, యూనివర్సిటీల లైబ్రరీలు చాలావరకు కలిసి వాడుకునే కేటలాగు అది. లేదు. తర్వాత ప్రపంచవ్యాప్తంగా వేల లైబ్రరీల వివరాలుండే వరల్డ్‌క్యాట్. అక్కడా లేదు. అప్పటికే అదే వరల్డ్‌క్యాట్‌లో నేను ఎన్నోసార్లు వెతికి ఉన్నాను కాబట్టి ఆశ వదిలేశాను. ఆయన మాత్రం నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, 'ఈ పేరు నువ్వెలా పలుకుతావో నెమ్మదిగా చెప్పు' అన్నారు.

అసలు విషయం అక్కడ ఉంది. తెలుగు పుస్తకాలు వెతికేవాళ్లందరికీ పనికొస్తుంది కాబట్టి కాస్త వివరంగా రాస్తాను. పుస్తకం పేరులో 'చేను' అనే మాట ఉంది. మన ఇంటిపేర్లలో, ఊరిపేర్లలో 'చ' వస్తే ఇంగ్లిష్‌లో సీ, హెచ్ రెండూ రాయడం మనకు అలవాటు. అమెరికా లైబ్రరీల కేటలాగుల్లో అలా రాయరు. వాళ్ల పద్ధతిలో 'చ'కు ఒక్క సీ మాత్రమే. సీ, హెచ్ కలిపి రాస్తే అది ఒత్తు 'ఛ'. అలాగే మనం ఆర్, ఏ, ఓ అని రాసే 'రావు' అక్కడ ఆర్, ఏ, వి, యు అవుతుంది. దీర్ఘం ఉంటే అక్షరం నెత్తిన అడ్డగీత. మా తాతయ్య పేరు చివర రావు, ఇంటిపేరు మొదట్లో చ, పుస్తకం పేరులో చేను. మూడుచోట్లా నేను మన అలవాటు ప్రకారమే కొట్టాను, మూడుచోట్లా తప్పింది. పాత రికార్డుల్లో తెలుగు లిపి ఉండదు, ఈ ఇంగ్లిష్ అక్షరాలే ఉంటాయి. అందుకే తెలుగులో కొట్టినా రాలేదు.

ఆయన ఆ పద్ధతి పట్టిక ప్రింట్ తీసి పక్కన పెట్టుకుని ఒక్కో అక్షరం చూసి కొట్టారు. స్క్రీన్ మీద ఒకే ఒక్క రికార్డు వచ్చింది. తాతయ్య పేరు. విజయవాడ. 1964. 96 పేజీలు. నాకు ఏడుపు ఆగలేదు. ఆయన టిష్యూ బాక్స్ ఇటు జరిపి, మాట్లాడకుండా రిక్వెస్ట్ ఫారం నింపడం మొదలుపెట్టారు.

పుస్తకం ఉన్నది మాడిసన్‌లో, విస్కాన్సిన్ యూనివర్సిటీ మెమోరియల్ లైబ్రరీలో. నా దగ్గర ఒక్క డాలరు కూడా తీసుకోలేదు. పాత పుస్తకం కదా, ఇవ్వడం కుదరదంటారేమోనని తొమ్మిది రోజులు ఒకటే టెన్షన్. పదో రోజు పొద్దున క్లాసులో ఉండగా మెయిల్ వచ్చింది, 'మీ పుస్తకం వచ్చింది' అని.

దాన్ని ఎలా వర్ణించాలో తెలియట్లేదు. అసలు అట్ట కాగితానిదట. అక్కడివాళ్లు దానికి ముదురు ఆకుపచ్చ గుడ్డ బైండింగ్ కట్టించారు. అట్ట చుట్టూ ఇంటర్ లైబ్రరీ లోన్ అని రాసిన కాగితపు పట్టీ. లోపల కాగితం టీ రంగుకు తిరిగింది, అంచులు పెళుసుబారాయి, కానీ ఒక్క పేజీ కూడా చిరగలేదు. చెద లేదు, చెమ్మ లేదు. వెనక అట్ట లోపల అతికించిన గడువు చీటీ మీద మూడు తేదీల ముద్రలున్నాయి. అంటే మాడిసన్‌లో మా తాతయ్య పుస్తకాన్ని మూడుసార్లు ఎవరో ఇంటికి తీసుకెళ్లి చదివారు. వాళ్లెవరో తెలిస్తే వాళ్లకూ దణ్ణం పెట్టేదాన్ని.

మాడిసన్ వాళ్లు ఒక షరతు పెట్టారు: లైబ్రరీలోనే చదవాలి, బయటికి తీసుకెళ్లకూడదు. నాకు అది న్యాయంగానే అనిపించింది. అమెరికా మొత్తానికి ఆ రికార్డు కింద కనిపించింది ఆ ఒక్క కాపీయే. రోజూ క్లాసులయ్యాక వెళ్తే, కౌంటర్‌లో పనిచేసే స్టూడెంట్స్ నన్ను చూడగానే అడక్కుండానే లోపల్నుంచి పుస్తకం తెచ్చి, కింద పెట్టుకోవడానికి స్పాంజి దిండు కూడా ఇచ్చేవారు. గడువు దగ్గరపడితే పెద్దాయనే మాడిసన్‌కు రాసి ఇంకో మూడు వారాలు పొడిగించారు.

స్కాన్ విషయంలోనూ వాళ్లు చూపించిన శ్రద్ధకు కృతజ్ఞతలు చెప్పాలి. పుస్తకం మొత్తం స్కాన్ చేసుకోవచ్చా అని అడిగితే, కాపీరైట్ చూసే లైబ్రేరియన్‌తో మాట్లాడించారు. మన చట్టం ప్రకారం రచయిత పోయాక 60 ఏళ్లపాటు హక్కులు వారసులవి. తాతయ్య పుస్తకం హక్కులు నాయనమ్మ, నాన్న, అత్తలవి. ముగ్గురూ సంతకాలు పెట్టిన ఉత్తరం తెప్పించుకున్నారు. నాయనమ్మ వేలిముద్ర వేసింది. ఆ ఉత్తరం మాడిసన్‌కు పంపి వాళ్ల అనుమతి కూడా తీసుకున్నాకే, పైనుంచి ఫోటో తీసే స్కానర్ మీద, పుస్తకం పూర్తిగా తెరిచి నొక్కకుండా, 96 పేజీలూ రెండు సాయంత్రాల్లో చేసిచ్చారు.

కృష్ణా జిల్లా పుస్తకం విస్కాన్సిన్‌కు ఎలా చేరిందని పెద్దాయన్ని అడిగితే, కేటలాగు రికార్డులో ఒక సంఖ్య చూపించారు. దాని ముందు పి.ఎల్.480 అని ఉంది. ఆ మాట ఫోన్‌లో చెప్పగానే నాన్న 'గోధుమలా?' అన్నారు. అవును, ఆ గోధుమలే. 1954 నాటి ఆ అమెరికా చట్టం కింద మనకు ధాన్యం అమ్మి, డబ్బు మన రూపాయల్లోనే తీసుకున్నారు. ఆ రూపాయలు చాలావరకు మన దేశంలోనే పోగుపడ్డాయి. 1958లో చట్టాన్ని సవరించి, అందులో కొంత సొమ్ముతో పుస్తకాలు కొనొచ్చన్నారు. 1962 నుంచి లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ వారి ఢిల్లీ ఆఫీసు చాలా భారతీయ భాషల్లో వచ్చే పుస్తకాలు కొని, ఇక్కడి యూనివర్సిటీలకు ఓడల్లో పంపింది. పెద్ద పెద్ద రచయితలవే కాదు, ఒక బడిపంతులు సొంత డబ్బుతో వేయించుకున్న వరి మాటల పుస్తకం కూడా. చిన్న పుస్తకమని వదిలేయకుండా కొన్న ఆ ఆఫీసు వాళ్లకూ, అప్పట్లో తాతయ్య కాపీని వాళ్లకు చేరవేసిన పుస్తకాల వ్యాపారికీ మా ఇంటిల్లిపాదీ రుణపడి ఉన్నాం.

ఇది చదివేవాళ్లలో మా లాంటి ఇళ్లు ఇంకా ఉంటాయి. మీ తాతగారో, అమ్మమ్మగారో అరవైల్లో, డెబ్బైల్లో వేయించిన పుస్తకం పోయిందనుకుంటే ఒకసారి వరల్డ్‌క్యాట్‌లో నేను పైన చెప్పిన అక్షరాలతో వెతకండి. అది ఎవరైనా ఉచితంగా చూడొచ్చు. అమెరికాలో మీవాళ్లుంటే, వాళ్లు స్టూడెంట్ కాకపోయినా ఫర్వాలేదు, చాలా ఊళ్ల పబ్లిక్ లైబ్రరీలు కూడా యూనివర్సిటీల నుంచి ఇలా తెప్పించి పెడతాయి. కొన్నిచోట్ల కొద్దిగా ఖర్చు తీసుకుంటారు. అడగడానికి మొహమాటపడకండి. నేను రెండేళ్లపాటు ఆ కౌంటర్ ముందునుంచే నడిచాను, అడగలేదు.

కౌంటర్‌లో ఆవిడ, ఇంటర్ లైబ్రరీ లోన్ పెద్దాయన, కాపీరైట్ లైబ్రేరియన్, స్కానింగ్ గదిలో ఇద్దరు స్టూడెంట్స్, మాడిసన్‌లో అరల మధ్య వెతికి పుస్తకం తీసి ప్యాక్ చేసిన వ్యక్తి: మీ పేర్లు ఇక్కడ రాయడం లేదు, కానీ మా ఇంట్లో మిమ్మల్ని తలుచుకోని రోజు లేదు.

నాయనమ్మకు ఇప్పుడు 86. చదువు రాదు. పోయిన ఆదివారం వీడియో కాల్‌లో నేను చదువుతుంటే, అక్కడ నాన్న, అత్త, చుట్టుపక్కల వాళ్లు చుట్టూ కూర్చున్నారు. ముందుమాట చివర తాతయ్య ఇలా రాశారు: ఈ పుస్తకంలోని మాటల్లో సగం నా ఇల్లాలు చెప్పినవి, ఊడ్పుల్లో ఆమె విన్నవి. కింద నాయనమ్మ పేరుంది. ఆమె చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత 'నా పేరు రాశాడా? నాకెప్పుడూ చెప్పలేదే' అంది.

కోతల అధ్యాయం చదువుతున్నాను. కోసిన వరి ఆరడానికి 'పనులు తిప్పాలి' అని ఉంది. నాయనమ్మ వెంటనే ఆపింది. 'పనులు తిప్పడమేమిటే? పనలు! కోసి పరిచినవి పనలు. తప్పు అచ్చేశారు.' నేను పేజీలు తిప్పి చివరికి వెళ్లాను. ఆఖరి పేజీలో తప్పొప్పుల పట్టిక ఉంది, 11 తప్పులు. ఏడోది: 43వ పేజీ, 'పనులు' అన్నచోట 'పనలు' అని చదువుకోవాలి. అది చదివి వినిపిస్తే, 60 ఏళ్ల కిందట అచ్చు కాగితాలు తాతయ్య చదివి వినిపించినప్పుడు కూడా తానే పట్టుకున్నానని, అప్పటికే ఆ పేజీలు అచ్చయిపోయాయని ఆయన బాధపడ్డారని గుర్తుచేసుకుంది. ఆ పూటంతా ఆమె మొహంలో ఉన్న వెలుగు నేను ఇంతకుముందు చూడలేదు.

పుస్తకం నిన్న మాడిసన్‌కు తిరిగి వెళ్లిపోయింది. పంపేముందు నాయనమ్మని అడిగాను, ఇన్నేళ్లు దాచిపెట్టిన వాళ్లకు ఏమని చెప్పమంటావని. 'పిల్లాజెల్లాతో చల్లగా ఉండమని చెప్పు' అంది. దాన్ని ఇంగ్లిష్‌లో ఎలా రాయాలో తోచలేదు. రెండు లైబ్రరీలకూ పంపిన మెయిల్‌లో ఆ మాట తెలుగులోనే రాసి, కింద ఒక్కో మాటకూ అర్థం రాశాను.