2024–25 వార్షిక నివేదిక: మన ఊరి పిల్లల సాయంత్రాలు

గౌరవ సభ్యులకు నమస్కారం.

పదో తరగతి పరీక్షలయ్యాక జూన్ దాకా పిల్లలకు పొద్దు పోదు. ఎండకు గడప దాటలేరు, ఫోన్ పట్టుకుని మంచమెక్కుతారు. అందుకే ఈ ఏడాది సంఘం పదమూడు నుంచి పద్దెనిమిదేళ్ల వాళ్ల మీదే దృష్టి పెట్టింది. కొత్తగా కట్టిందేమీ లేదు. సామాను కొని, గది తాళం చెవి వాళ్ల చేతికే ఇచ్చాం.

అన్నిట్లోకీ నిలబడింది సైకిల్ రిపేరు. మన దారుల్లో సర్కారు తుమ్మ ముళ్లకు కొదవ లేదు కదా! ట్యూబు తీసి, గాలి కొట్టి, నీళ్ల తొట్టిలో ముంచి, బుడగలొచ్చిన చోట గుర్తు పెట్టాలి. తుడిచి ఆరాక ప్యాచీ కంటే కాస్త వెడల్పుగా గరుకు కాగితంతో రుద్ది, సొల్యూషన్ (రబ్బరు జిగురు) పలచగా పూసి, ఐదు నిమిషాలు ఆగాలి. వేలికి తడి అంటకుండా జిగటగా తగిలినప్పుడే ప్యాచీ వేసి గట్టిగా నొక్కాలి. తడి మీదే అతికిస్తే సాయంత్రానికే ఊడొస్తుంది. మొదట్లో చేసిన పంచర్లు ఎక్కువగా చెడింది ఈ తొందర వల్లే. రెండో తప్పు టైరు లోపల చూడకపోవడం. విరిగిన ముల్లు మొన అక్కడే ఉండి, కొత్త ప్యాచీ పక్కనే మళ్లీ దిగుతుంది. గుడ్డతో లోపలంతా తుడిస్తే ముల్లున్న చోట గుడ్డ పట్టేస్తుంది, వేలికి గుచ్చుకోదు. స్క్రూడ్రైవర్‌తో టైరు లేపితే ట్యూబు చిరుగుతోంది కాబట్టి దాన్ని పనిముట్ల పెట్టెలోంచి తీసేసి, టైరు అంచు లేపే టైరు లీవర్లు రెండు పెట్టాం.

వాలీబాల్ కోర్టు కొలత 18 మీటర్లు, 9 మీటర్లు. నెట్ ఎత్తు పెద్దల ఆటలో మగవాళ్లకు 2.43 మీటర్లు, ఆడవాళ్లకు 2.24. కొలవాల్సింది నడిమధ్యలో. స్తంభం దగ్గర కొలిస్తే సరిగానే కనిపిస్తుంది, మధ్యలో మాత్రం జారి ఉంటుంది. మనది ఇసుక నేల. తక్కువ లోతులో పాతిన స్తంభాలు వానకు ఒరిగాయి, మళ్లీ తవ్వి కాంక్రీటు పోయించాం. ఆడపిల్లలు వచ్చేసరికి కోర్టు నిండిపోతుండేది. ఇప్పుడు సోమ, బుధ, శుక్రవారాల్లో అయిదు నుంచి ఆరున్నర దాకా కోర్టు వాళ్లదే. ఈ ఏర్పాటు ముందే చేయాల్సింది.

క్యారమ్ బోర్డు వాన చెమ్మకు ఉబ్బింది, మార్చాలి.

జనవరిలో సూళ్లూరుపేట దగ్గరి నేలపట్టు పక్షుల కేంద్రానికి పిల్లల్ని తీసుకెళ్లాం. అక్కడ గూడబాతులు (పెలికాన్లు) చెరువులోని నీటి కడప చెట్ల మీద గూళ్లు కడతాయి. పక్షుల్ని లెక్కపెట్టడానికి ఇద్దరికి ఒక బైనాక్యులర్, ఒక చెట్టు ఇచ్చాం. ఒకరు చూసి చెబితే ఇంకొకరు రాయాలి. సూర్యుణ్ణి వీపు వెనకే ఉంచుకోవాలి, లేకుంటే పక్షులన్నీ నల్లగానే కనిపిస్తాయి. గుంపు మీద ఒకే లెక్క నమ్మొద్దు. మూడుసార్లు లెక్కపెట్టి మధ్య సంఖ్య రాయించాం.

ఖర్చుల పుస్తకం పిల్లలే రాస్తున్నారు, రసీదులు అందులోనే అతికిస్తున్నారు. సభ్యులు ఎప్పుడైనా చూడవచ్చు. వచ్చే ఏడాదికి ఇంకో గాలి పంపు కావాలి. ఆదివారం సాయంత్రాలు గది దగ్గర కూర్చోవడానికి వంతులవారీగా ఒక్కో పెద్దమనిషి కావాలి. వీలున్నవారు ఈ సమావేశంలోనే పేరు రాయించండి.