ముస్లిం ఆడపిల్లలకు వాళ్ల చరిత్ర చెప్పేదెవరు?

సంపాదకుల వారికి,

పోయిన వారం మీ కడప జిల్లా పేజీలో, ముస్లిం బాలికలకు ఇస్లాం చరిత్రలో మహిళా నాయకత్వం గురించి పెట్టిన అవగాహన సదస్సు వార్త చదివాను. కోపం తగ్గాక రాద్దామని ఆగాను. తగ్గలేదు, అందుకే ఇప్పుడు రాస్తున్నాను.

మీరు వేసిన ఫొటోలో వేదిక మీద ఉన్నవాళ్లంతా మగవాళ్లే. అతిథుల పేర్లు, హోదాలు, ఎవరు ఎవరికి శాలువా కప్పారన్నది వివరంగా వచ్చింది. పిల్లలకు ఏం చెప్పారన్నదానికి మాత్రం ‘మహిళలు అన్ని రంగాల్లో రాణించాలని వక్తలు పేర్కొన్నారు’ అన్న ఒక్క వాక్యమే మిగిలింది. మీ విలేకరిని తప్పుపట్టలేను. నేనూ ఆ హాల్లోనే ఉన్నాను. అక్కడ అంతకు మించి ఎవరూ ఏమీ చెప్పలేదు.

పొద్దున పదిన్నరకని చెప్పి అల్మాస్‌పేట, నకాష్, చిన్నచౌక్ వైపు నుంచి ఎనిమిది, తొమ్మిది, పది తరగతుల పిల్లలను తెచ్చి కూర్చోబెట్టారు. అతిథులు దిగేసరికి మధ్యాహ్నం నమాజుకు పిలిచే జొహర్ అజాన్ అయింది. వెనక వరుసలకు ఫ్యాన్లు లేవు. పిల్లలు నోటుపుస్తకాలతో విసురుకుంటూ, మంచినీళ్ల సీసా ఒకటే అయితే చేతులు మార్చుకుంటూ తాగారు. మాట్లాడినవాళ్లలో ఒక పెద్దమనిషి, ఆడపిల్లలకు పాతకాలం రాణుల కథలెందుకు, తలా ఒక కుట్టుమిషను ఇప్పిస్తే నాలుగు రాళ్లు సంపాదించుకుంటారు అన్నారు. చప్పట్లు కొట్టమని టీచర్లు సైగ చేస్తే పిల్లలు కొట్టారు. కుట్టుపని గౌరవమైన పనే. దాంతోనే మా వీధుల్లో ఎన్నో ఇళ్లు గడుస్తున్నాయి. కానీ ఆ పూట పిల్లలను పిలిచింది అందుకా?

చెప్పాలనుకుంటే ఎంత ఉంది! ప్రవక్త మొదటి భార్య ఖదీజా మక్కాలో పేరున్న వ్యాపారి అనీ, ప్రవక్తను మొట్టమొదట నమ్మింది ఆమే అనీ ఇంట్లో నానమ్మలు చెబుతారు. ఉమ్మె సలమా గురించి ఎంతమంది చెబుతున్నారు? 628లో ప్రవక్తకూ మక్కావాళ్లకూ మధ్య హుదైబియా ఒప్పందం జరిగింది. ఆ ఏడు మక్కాలోకి పోకుండానే వెనక్కి తిరగాలి. ఖుర్బానీ ఇచ్చి తలలు గొరిగించుకోండని ప్రవక్త మూడుసార్లు చెప్పినా సహచరులు బాధతో కదల్లేదు. ఆయన గుడారంలోకి వెళ్లి భార్య ఉమ్మె సలమాకు సంగతి చెప్పారు. మీరు బయటికి వెళ్లి, ఎవరితోనూ ఒక్క మాట మాట్లాడకుండా మీ ఒంటెను జిబహ్ చేసి (కోసి), క్షురకుణ్ని పిలిపించుకోండి అని ఆమె సలహా ఇచ్చారు. ఆయన అట్లాగే చేశారు. చూసినవాళ్లంతా లేచారు. ఇది ప్రవక్త మాటలు, చేతలు నమోదు చేసిన బుఖారీ హదీసు సంకలనంలో ఉన్న సంగతి. వెయ్యిమందికి పైగా ఉన్న చోట ముడిపడిన పనిని ఒక ఆడమనిషి ఆలోచన విప్పింది.

నేను ఉద్యోగంలో ఉండగా ఒకసారి సోషల్ పీరియడ్‌లో ఈ కథ చెప్పాను. తొమ్మిదో తరగతి పిల్ల ఒకతె లేచి, “మేడమ్, ఈమె నిజంగానే ఉన్నిందా, మీరు మాకోసం చెప్తాండారా?” అని అడిగింది. సొంత మతం చరిత్రలో ఆడమనిషి మాట నెగ్గిందంటే నమ్మలేని స్థితిలో ఆ పిల్లను పెట్టింది మనమే.

మొదటి ఖలీఫా అబూబకర్ కాలంలో ఒకచోట కూర్చిన ఖురాన్ ప్రతి రెండో ఖలీఫా ఉమర్ తర్వాత ఎవరి దగ్గర భద్రంగా ఉండింది? ఆయన కూతురు హఫ్సా దగ్గర. మూడో ఖలీఫా ఉస్మాన్ ప్రతులు రాయించేటప్పుడు ఆమె దగ్గరి నుంచే తెప్పించుకున్నారు. ఆ హఫ్సాకు రాయడం నేర్పింది షిఫా బింతె అబ్దుల్లా అనే మరో స్త్రీ. ప్రవక్త భార్య ఆయెషా రెండు వేలకు పైగా హదీసులు చెప్పారు, పెద్ద పెద్ద సహచరులు ఆమె దగ్గరికి వచ్చి సందేహాలు తీర్చుకున్నారు. 656లో ఖలీఫా అలీతో జరిగిన జమల్ యుద్ధంలో ఆమె ఓడిపోయారు. అదీ పిల్లలకు చెప్పాలి. గెలుపులే ఏరి చెబితే అది చరిత్ర అనిపించుకోదు.

బాగ్దాద్ ఖలీఫా హారూన్ రషీద్ భార్య జుబైదా పేరు మన జిల్లా పిల్లలకు తప్పకుండా తెలియాలి. మక్కా యాత్రికులు నీళ్లకు అల్లాడుతుంటే సొంత డబ్బుతో కాలువలు తవ్వించింది. ఇరాక్ నుంచి వచ్చే యాత్రా మార్గం పొడుగునా బావులు, చెరువులు కట్టించింది. ఆ దారిని ఇప్పటికీ ఆమె పేరుతోనే పిలుస్తారు. బిందె నీళ్ల కోసం తెల్లవారుజామున లేచే ఇళ్ల పిల్లలకు ఆమె గొప్పతనం విడమరిచి చెప్పాల్సిన పనిలేదు.

మన దేశానికి వస్తే రజియా సుల్తానా. 1236 నుంచి 1240 దాకా ఢిల్లీ ఏలింది. రాజుకు కావలసిన గుణాలన్నీ ఉన్నాయి గానీ మగపుట్టుక కాకపోయింది, ఇక అవి ఏం ప్రయోజనం అని ఆనాటి చరిత్రకారుడు మిన్హాజ్ రాసిపెట్టాడు. భోపాల్‌ను 1819 నుంచి 1926 దాకా, నడుమ కొద్దికాలం తప్ప, బేగములే ఏలారు. వాళ్లలో ఆఖరామె సుల్తాన్ జహాన్ బేగం 1920లో అలీగఢ్ ముస్లిం విశ్వవిద్యాలయానికి తొలి చాన్సలర్.

ఇంకా దగ్గరిది చెబుతాను. ప్రతి బడీ పిల్లలను గండికోటకు విహారయాత్రకు తీసుకుపోతుంది. పెన్నా లోయ, జుమ్మా మసీదు, ధాన్యాగారం చూపించి తెస్తారు. ఆ కోటను గోల్కొండ తరఫున పట్టింది ఆ రాజ్య సేనాని మీర్ జుమ్లా. ఆ మీర్ జుమ్లాకూ సుల్తానుకూ చెడిన తగాదాను సాకు చేసుకుని 1656లో ఔరంగజేబు గోల్కొండను ముట్టడించాడు. అప్పుడు శత్రువు శిబిరానికి స్వయంగా వెళ్లి సంధి మాట్లాడింది సుల్తాను తల్లి హయాత్ బక్షీ బేగం. హైదరాబాదు పక్కనున్న హయత్‌నగర్ ఆమె పేరే. కోట గోడ మీద సెల్ఫీలు దిగే మన పిల్లలకు ఈ ముక్క ఎవరైనా చెప్పారా?

ఆడవాళ్లకు పగ్గాలిచ్చిన జాతి బాగుపడదన్న హదీసు ఒకటుంది కదా అని కొందరు నోరు మూయిస్తారు. సదస్సు అయ్యాక గుమ్మం దగ్గర నాతో ఒకాయన అదే అన్నారు. పర్షియావాళ్లు తమ రాజు కూతుర్ని గద్దెనెక్కించారన్న కబురు విన్నప్పటి మాట అది. దాని అర్థం మీద ఆలిముల (మత పండితుల) మధ్యే వాదనలున్నాయి. స్త్రీ ఖాజీగా (న్యాయాధికారిగా) తీర్పు చెప్పవచ్చని పాతకాలం పండితుడు తబరీ అన్నట్టు చెబుతారు, కొన్ని వ్యవహారాల్లో చెప్పవచ్చని ఇమామ్ అబూ హనీఫా అన్నారు. ఖురాన్ 27వ సూరాలో సబా రాణి కొలువువాళ్లను సంప్రదించకుండా ఏ నిర్ణయమూ చేయనని అంటుంది. ఈ వాదనలన్నీ పిల్లల ముందు పెట్టండి. పద్నాలుగేళ్ల పిల్లకు ఆలోచించే శక్తి లేదా?

ఆ వయసే కీలకం. టెన్త్ కాగానే సంబంధాలు చూసే ఇళ్లు మా వీధుల్లో ఇప్పటికీ ఉన్నాయి. ఇంటర్‌కు పంపండని తల్లిని బతిమాలడానికి ఆ పిల్ల నోట ఒక ఖదీజా పేరు, ఒక రజియా పేరు ఉండాలి. స్థానిక సంస్థల్లో ఆడవాళ్లకు సగం సీట్లు ఇచ్చాం. గెలిచిన ఆమె ఇంట్లో ఉంటే భర్త వచ్చి కుర్చీలో కూర్చుంటాడు, అధికారులు ఆయనతోనే మాట్లాడతారు. 1960లోనే మాసూమా బేగం ఆంధ్రప్రదేశ్‌లో మంత్రి అయ్యారు. అన్నేళ్ల తర్వాత మనం ఎక్కడున్నాం?

ఇక బడుల సంగతి. ఉర్దూ మీడియం పోస్టు ఖాళీ అయితే నిండేదాకా పిల్లల చదువు గాలికే. గ్రంథాలయమంటే తాళం వేసిన అల్మరా. పుస్తకాలు పోతే మా మెడకు చుట్టుకుంటుందని దాన్ని తెరవరు. మా పిల్లలు చాలామంది ఇంట్లో దక్ఖనీ మాట్లాడతారు, బడిలో తెలుగులో చదువుతారు, ఉర్దూ లిపి కూడబలుక్కుంటారు. ఈ మహిళల గురించి మంచి పుస్తకాలు ఉర్దూలోనో ఇంగ్లిషులోనో ఉన్నాయి. ఆ వయసు పిల్లలకు తెలుగులో చిన్న పుస్తకం ఒకటి కావాలి. కర్నూలులో అబ్దుల్ హక్ ఉర్దూ విశ్వవిద్యాలయం ఉంది, అక్కడి అధ్యాపకులు పూనుకుంటే ఇదేమంత కష్టమైన పని కాదు. శాలువాలకు, ఫ్లెక్సీలకు పెట్టిన డబ్బు అచ్చు ఖర్చుకు సరిపోతుంది.

నాతోపాటు రిటైరైన టీచర్లు కొందరు, ఆలిమా (మత విద్య) చదివిన ఇద్దరు అమ్మాయిలు పైసా తీసుకోకుండా పాఠం చెప్పడానికి సిద్ధంగా ఉన్నారు. ఆదివారం రెండు గంటలు ఒక బడి గది, ఒక ఫ్యాను, ఒక నల్లబల్ల చాలు. దానికోసం ఒక కార్యాలయంలో అర్జీ ఇస్తే ఇంకో కార్యాలయానికి పొమ్మన్నారు, అక్కడికి పోతే మొదటి చోటి సంతకం కావాలన్నారు. మళ్లీ పోతే సారు మీటింగులో ఉన్నారన్నారు. అర్జీ ఇంకా అక్కడే పడి ఉంది. బడులు తెరిచేలోపు దాని మీద సంతకం పెట్టాలని సంబంధిత అధికారులను మీ పత్రిక ద్వారా అడుగుతున్నాను.

– విశ్రాంత సాంఘికశాస్త్ర ఉపాధ్యాయురాలు, కడప