పెడల్ గట్టిపడే దాకా

చిట్టితల్లీ,

ఫోన్‌లో చెబితే "సరే నాన్నా" అని పెట్టేస్తావు, అందుకే రాస్తున్నాను. మనబడిలో నేర్చుకున్న తెలుగుతో నెమ్మదిగా చదివినా పర్వాలేదు. ట్రక్కు తాళం తిప్పే ముందు మాత్రం మొత్తం చదువు.

నిన్న పొద్దున్నుంచి సాయంత్రం దాకా మన ఎఫ్-150 ట్రక్కు ముందు చక్రాలకు బ్రేకులు మార్చాను. డిస్కులు, ప్యాడ్లు అన్నీ కొత్తవే. 2005 బండి, ఒహాయో ఉప్పు చాలా తిన్నది. చలికాలంలో రోడ్ల మీద చల్లే ఆ ఉప్పుకి డిస్కు తుప్పు పట్టి, చక్రం బిగించే హబ్‌కి అతుక్కుపోయింది. తుప్పు వదిలే నూనె కొట్టి, అరగంట ఆగి, చుట్టూ సుత్తితో కొడితే గానీ ఊడిరాలేదు. ఊడాక హబ్‌ని వైరు బ్రష్‌తో మెరిసే దాకా రుద్దాను. అక్కడ చిన్న తుప్పు పెచ్చు మిగిలినా కొత్త డిస్కు వంకరగా కూర్చుంటుంది. అలాగే తిరిగితే కొన్నాళ్లకు బ్రేకు వేసినప్పుడల్లా స్టీరింగ్ వణుకుతుంది. థాంక్స్‌గివింగ్‌కి వచ్చినప్పుడు హైవే మీద చేతులు ఊగుతున్నాయని అన్నావు చూడు, అలాగన్నమాట.

కుడి వైపు ప్యాడ్లు తీసి చూస్తే గుండె ఝల్లుమంది. బయటి ప్యాడ్ సగానికి పైగా ఉంది. లోపలిది రెండు మిల్లీమీటర్లు కూడా లేదు! ప్యాడ్లని డిస్కు మీద నొక్కే కాలిపర్ ఉంది చూడు, అది జారే పిన్నుల్లో ఒకటి బిగుసుకుపోయింది. పిన్నులు జారితేనే రెండు ప్యాడ్లూ డిస్కుని సమంగా పట్టుకుంటాయి, లేకపోతే ప్యాడ్‌ని నెట్టే పిస్టన్ పక్కనున్న లోపలిదే అరిగిపోతుంది. చక్రం సందుల్లోంచి సులువుగా కనిపించేది బయటి ప్యాడే. దాన్ని చూసే ఇన్నాళ్లూ బాగానే ఉందనుకున్నాను. పిన్నులు శుభ్రం చేసి, బ్రేకులకు వాడే సిలికాన్ గ్రీజు రాశాను. మామూలు గ్రీజు రాస్తే రబ్బరు ఉబ్బుతుంది. రేపు నువ్వు ఎవరితో చేయించినా పక్కనే నిలబడి లోపలి ప్యాడ్ చూపించమని అడుగు.

ఇక అసలు సంగతి. ఇది మీ అమ్మకి కూడా పూర్తిగా చెప్పలేదు.

నీకు ఏడేళ్లప్పుడు మొదటిసారి ఈ బండికి నాలుగు చక్రాల ప్యాడ్లూ నేనే మార్చాను. కొత్త ప్యాడ్లు మందంగా ఉంటాయి కాబట్టి అవి పట్టాలంటే పిస్టన్లని సి-క్లాంప్ అనే బిగింపు పనిముట్టుతో లోపలికి నెట్టాలి. అలా నెట్టాక పిస్టన్‌కీ ప్యాడ్‌కీ మధ్య ఖాళీ ఏర్పడుతుంది. పెడల్ తొక్కితే మొదట ఆ ఖాళీ నిండాలి, ఆ తర్వాతే బ్రేకు పడుతుంది. నాకిది తెలుసు. కానీ ఆ సాయంత్రం అలసిపోయి, పని అయిపోయిందన్న సంబరంలో పెడల్ తొక్కి చూడకుండానే బండి స్టార్ట్ చేసి రివర్స్‌లో పెట్టాను.

మన డ్రైవ్‌వే వాలు నీకు తెలుసు. బండి వెనక్కి జారింది. బ్రేకు తొక్కితే కాలు నేలని తాకింది, బండి మాత్రం ఆగలేదు. అద్దంలో చూస్తే మెయిల్ బాక్స్ దగ్గర నువ్వు కూర్చుని చాక్‌పీసుతో ముగ్గు వేస్తున్నావు. ఎడమ కాలితో పార్కింగ్ బ్రేకు ఉన్న బలమంతా పెట్టి తొక్కాను. అది కేబుల్ లాగితే పనిచేసేది, బ్రేక్ ఆయిల్‌తో దానికి సంబంధం లేదు. బండి ఆగింది. దిగి చూస్తే వెనక టైరు నీ ముగ్గు మీద ఉంది.

"నాన్నా, ముగ్గు చెరిపేశావు" అని ఏడ్చావు. నిన్ను ఎత్తుకుని చాలాసేపు కిందికి దించలేదు. నీకు ముగ్గు ఒక్కటే గుర్తుండి ఉంటుంది.

అందుకే, బ్రేకులు ఎవరు ముట్టుకున్నా సరే, నేను ముట్టుకున్నా సరే, బండి కదిలించే ముందు పెడల్ గట్టిపడే దాకా తొక్కు. నిన్న నేను తొక్కాను, నువ్వు మళ్లీ తొక్కు. ఇంజన్ స్టార్ట్ అయ్యాక కాలి కింద కొంచెం దిగి ఆగుతుంది, అది మామూలే. మెత్తగా కిందికి పోతూనే ఉంటే మాత్రం బండి కదపకుండా నాకు ఫోన్ చెయ్యి.

కొత్త ప్యాడ్లు డిస్కుతో కుదురుకోవడానికి నిన్న రాత్రే ఖాళీ రోడ్డు మీద వేగం పెంచుతూ, పూర్తిగా ఆపకుండా తగ్గిస్తూ పదిసార్లు తిప్పాను. ఆ పని నీకు లేదు. నువ్వు బండి తీసుకెళ్లే పిట్స్‌బర్గ్‌లో మాత్రం అన్నీ కొండ వీధులే. బీచ్‌వ్యూలో కాంటన్ అవెన్యూ వాలు 37 శాతమట! అలాంటి చోట దిగేటప్పుడు గేరు తగ్గించు, బ్రేకు మీద కాలు అదిమిపెట్టి ఉంచకు. ఎక్కువసేపు అదిమితే ఆయిల్ మరిగి పెడల్ మెత్తబడుతుంది.

చక్రాల నట్లు 150 ఫుట్-పౌండ్లకు బిగించాను. చక్రాలు తీసి పెట్టాక వంద మైళ్లలోపు ఇంకోసారి చూసుకోవాలి. ఐ-70 హైవే మీద కేంబ్రిడ్జ్ ఊరు మన ఇంటి నుంచి దాదాపు ఎనభై మైళ్లు, అక్కడ పెట్రోల్ బంకులో ఆగు. ఎంత బిగువుగా తిప్పాలో కొలిచే టార్క్ రెంచ్ సీటు వెనక ఉంది. ఆరు నట్లనీ వరసగా కాకుండా ఎదురెదురుగా బిగించు. రెంచ్ క్లిక్‌మనగానే ఆపెయ్యి. పనయ్యాక తక్కువ నంబరుకి తిప్పి డబ్బాలో పెట్టు, లేకపోతే దాని స్ప్రింగు పాడవుతుంది.

డబ్బా మూసేశాక అక్కడి నుంచే ఒక్క ఫోన్ చెయ్యి తల్లీ. అమ్మ ముందు మాట్లాడుతుందేమో, ఆ తర్వాత నాకిమ్మను.

నాన్న